మోజార్ట్ క్లారినెట్ కన్సర్టో: మూడు పుస్తకాలు, మూడు పాఠాంతరాలు

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ న్యూజెర్సీలో హైస్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. ఇప్పుడు మోజార్ట్ కన్సర్టో (ఆర్కెస్ట్రాతో పాటు ఒక వాద్యం ప్రధానంగా సాగే రచన) మొదటి మూవ్‌మెంట్, అంటే మొదటి భాగం, నేర్చుకుంటోంది. టీచరు ఇచ్చిన పుస్తకం, నెట్‌లో దొరికిన పాత ప్రింటు, నేను కొన్న కొత్త ఎడిషన్, మూడింటిలోనూ స్లర్‌లు (స్వరాలను విడదీయకుండా కలిపి వాయించమని చెప్పే వంపు గీతలు) కలవడం లేదు, కొన్నిచోట్ల నోట్సే వేరు. రెండిట్లో ఒకేలా ఉంటే అదే కరెక్టని అనుకోవచ్చా? ఆడిషన్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: అనుకోవద్దండీ. ఆ రెండిట్లో ఒకటి ఇంకోదాన్ని చూసి అచ్చువేసిందే అయితే మీ చేతిలో ఉన్నది ఒక్క సాక్ష్యమే. అందుకే ఏ పుస్తకం దేన్ని చూసి తయారైందో ముందు తెలుసుకోవాలి.

మోజార్ట్ దీన్ని 1791 అక్టోబరులో, చనిపోవడానికి రెండు నెలల ముందు, ఆంటన్ స్టాడ్లర్ అనే వాద్యకారుడి కోసం రాశాడు. స్టాడ్లర్ వాయించింది బాసెట్ క్లారినెట్. మామూలు క్లారినెట్ కింద 'ఇ' అనే స్వరం దగ్గర ఆగిపోతే అది ఇంకో నాలుగు అర్ధస్వరాలు దిగి 'సి' దాకా వెళ్తుంది. మోజార్ట్ చేతిరాత ప్రతి పోయింది. పదేళ్ల తర్వాత, 1801 ప్రాంతంలో అచ్చయినప్పుడు ఎవరో ఆ మంద్రస్వరాలను మామూలు క్లారినెట్‌కి అందేలా పైస్థాయికి మార్చేశారు. 1802లోనే లైప్‌జిగ్ సంగీత పత్రికలో ఒక సమీక్షకుడు ఈ మార్పుల్ని పట్టుకుని, అసలు ఎలా ఉండాలో ఉదాహరణలతో చూపించాడు. ఆ సమీక్షే లేకపోతే ఈరోజు మనకి చాలా విషయాలు తెలిసేవి కావు.

ఇంకో ఆధారం కూడా ఉంది. ఇదే మొదటి మూవ్‌మెంట్‌ను మోజార్ట్ ముందు బాసెట్ హార్న్ (క్లారినెట్ కుటుంబానికే చెందిన మరో వాద్యం) కోసం 'జి' శృతిలో మొదలుపెట్టి 199 బార్ల (నొటేషన్‌లో నిలువు గీతల మధ్య ఉండే తాళ భాగాల) దాకా రాసి వదిలేశాడు, ఆ ప్రతి స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్‌లో భద్రంగా ఉంది. వీటన్నిటినీ పోల్చి 1977లో 'నోయె మోజార్ట్ ఔస్గాబె' (మోజార్ట్ రచనలన్నిటినీ పరిశోధించి అచ్చువేసిన ఎడిషన్) బాసెట్ క్లారినెట్ పాఠాన్ని ఊహించి కట్టింది, పక్కనే పాత పాఠాన్నీ ఇచ్చింది. జాల్స్‌బుర్గ్‌లోని మోజార్టేయుం అనే మోజార్ట్ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగానే చూడొచ్చు.

కాబట్టి మీ పుస్తకాల్లో స్వరాల వరస కిందికి దిగుతూ దిగుతూ ఉన్నట్టుండి పైకి ఎగిరిన చోట తేడా ఉంటే, కారణం దాదాపుగా ఇదే. మీ అమ్మాయిది మామూలు క్లారినెట్టే కదా, పాత పాఠమే వాయించమనండి, అది తప్పు కాదు. ఎందుకు ఎగిరిందో తెలిసి వాయిస్తే ఆ చోట ఊపిరి కూడా వేరుగా పడుతుంది.

స్లర్‌ల సంగతి వేరు. 19, 20 శతాబ్దాల్లో పేరున్న వాద్యకారులు తాము వాయించే పద్ధతినే పుస్తకంలో అచ్చువేయించారు. అవి మోజార్ట్‌వి కావు. ముందుమాటలో ఏవి మూలంలోవి, ఏవి పరిష్కర్త చేర్చినవి అని విడదీసి చెప్పని ఎడిషన్‌ను నేనైతే ఆధారంగా తీసుకోను. మన త్యాగరాజ కృతులకి గురుపరంపరని బట్టి పాఠాంతరాలు ఉన్నట్టే ఇవీ, గౌరవంగా వినాలి, కానీ వాగ్గేయకారుడి మాటగా చెప్పకూడదు. ఆడిషన్‌కి టీచరు చెప్పిన స్లర్‌లే పెన్సిల్‌తో రాసుకోమనండి, ఇప్పుడు మార్చి కంగారుపడొద్దు. పియానో వాయించేవాళ్లది ఏ ఎడిషనో మాత్రం ఈరోజే అడగండి, 'బి ఫ్లాట్' క్లారినెట్ కోసం శృతి మార్చిన పియానో పుస్తకాలు కూడా ఉన్నాయి, అమ్మాయి క్లారినెట్‌కి సరిపోనిదైతే శృతి కలవదు.

ప్రశ్న: వేబర్ అనే స్వరకర్త మొదటి క్లారినెట్ కన్సర్టో నా పుస్తకంలో స్నేహితుడి పుస్తకం కంటే మొదటి మూవ్‌మెంట్‌లో కొన్ని బార్లు ఎక్కువ. ఏది అసలు?

జవాబు: మీ స్నేహితుడిదే వేబర్ రాసినదానికి దగ్గర. 1811లో వేబర్ దీన్ని హైన్రిక్ బేర్‌మన్ అనే క్లారినెట్ వాద్యకారుడి కోసం రాశాడు. ఎక్కువగా ఉన్న భాగం బేర్‌మన్ చేర్చింది, ఆయన కొడుకు కార్ల్ ఎడిషన్ ద్వారా అందరికీ అలవాటైంది. వేబర్‌కి ఆప్తుడైన వాద్యకారుడు చేర్చాడు కనక అది వాయించడం నాకు ఇష్టమే, ఆర్కెస్ట్రా పుస్తకాల్లో కూడా ఆ బార్లు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.