పాలపిట్టకు ఊదారంగు గుండె ఉండదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన కథా వారం కిందట అందాయి. నా మనవరాలి ఈడుదానివి కాబట్టి ఏకవచనంలోనే రాస్తున్నాను, మరోలా అనుకోకు. దసరా నాడు తాతయ్య మనవరాలి వేలు పట్టుకొని, జమ్మి చెట్టు దగ్గరికి వెళ్ళేముందు ఊరి పొలిమేరలో పాలపిట్ట కోసం వెతకడమూ, ఆయన మడమలో దిగిన తుమ్మముల్లును ఆ పిల్ల పళ్ళతో పట్టి లాగడమూ బాగా రాశావు. అంతవరకు ఆగకుండా చదివినవాణ్ణి ఏడో పేజీలో ఆగిపోయాను. “తీగ మీద వాలిన పాలపిట్ట లేత ఊదారంగు గుండెను పొంగించి, తోక చివరి రెండు పొడవాటి ఈకలను గాలికి ఊపింది” అని రాశావు. అమ్మా, ఆ పిట్ట సిద్దిపేట పొలాల్లో ఉండదు. తెలంగాణలోనే కాదు, మన దేశంలోనే ఉండదు. అది ఆఫ్రికా పిట్ట. సహారా ఎడారికి దక్షిణాన, కెన్యా, టాంజానియా, దక్షిణాఫ్రికా గడ్డిమైదానాల్లో తిరిగే దాన్ని ఇంగ్లీషులో లైలాక్ బ్రెస్టెడ్ రోలర్ అంటారు.

నువ్వు దాన్ని ఎక్కడ చూశావో నాకు తెలుసు. ఏటా దసరాకు వారం ముందు నుంచి అది మన ఊళ్ళ మీదికి దిగుతుంది. కూడలిలో కట్టిన ఫ్లెక్సీ మీద, మిఠాయి డబ్బా మూత మీద, నగల దుకాణం ప్రకటనలో, ఫోనుకు వచ్చే ప్రతి శుభాకాంక్షలోనూ అదే కూర్చుని ఉంటుంది. దాని వెనుక మసకగా కనిపించే ఎండుగడ్డి మనది కాదు, కాళ్ళకింది ముళ్ళకొమ్మ మనది కాదు, పక్కన అచ్చువేసిన జమ్మి ఆకులు మాత్రమే మనవి. ఆ బొమ్మ తయారుచేసే కుర్రవాడికి గడువు రేపు ఉదయానికే ఉంటుంది. పాలపిట్టను ఇంగ్లీషులో ఇండియన్ రోలర్ అంటారు కాబట్టి, ఇంటర్నెట్‌లో బొమ్మలు అమ్మే కొట్టులో ‘రోలర్’ అని వెతికితే, సఫారీలకు వెళ్ళిన వాళ్ళంతా ఫొటోలు తీసి పెట్టిన ఆ ఆఫ్రికా పిట్టే, మన పిట్టకంటే ఎక్కువ రంగులతో, అతని కంటపడుతుంది. దాన్ని దించి, కింద ‘పాలపిట్ట’ అని పేరు తగిలిస్తాడు. అచ్చయ్యేలోపు పదిమంది చూస్తారు, ఒక్కరూ కాదనరు.

ఇదొక్కటే కాదు. యూరప్‌లోనూ మధ్య ఆసియాలోనూ గూడు కట్టి, చలికాలానికి ఆఫ్రికా వెళుతూ దారిలో కొన్ని గుజరాత్, రాజస్థాన్‌ల మీదుగా సాగిపోయే మరో రోలర్ ఉంది. తల, మెడ, రొమ్ము అంతా ఒకే లేతనీలంగా ఉండే ఆ పిట్టను కూడా మనవాళ్ళు పాలపిట్టగా అచ్చువేస్తున్నారు. అన్నిటికంటే ఘోరమైనది బ్లూ జే. మన దేశంలో కాపురమున్న ఇంగ్లీషువాళ్ళు పాలపిట్టను తమ అలవాటుకొద్దీ ‘బ్లూ జే’ అని పిలిచారు. ఆ పేరుతో అసలు పిట్ట ఉత్తర అమెరికాలో ఉంది. నెత్తిన జుట్టు, మెడ చుట్టూ నల్లని పట్టీ ఉన్న ఆ పిట్ట కాకి కుటుంబానిది, పాలపిట్టకు చుట్టం కూడా కాదు.

ఆ బ్లూ జే నా జీవితంలోకి ఎలా వచ్చిందో నీకు చెప్పాలి. నలభై ఏళ్ళ కిందట నేను పాలపిట్ట మీద ఒక కథ రాశాను. అప్పుడు నాకు ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని. రాత్రి పదకొండు దాటాక, మిషన్లు ఆగిన తర్వాత, వాడిపారేసిన ప్రూఫు కాగితాల వెనుక ఆ కథను నాలుగుసార్లు తిరగరాశాను. ఒక వారపత్రిక వేసుకుంది. పత్రిక చేతికి వచ్చిన రోజు చూస్తే, కథ పైన సగం పేజీకి నెత్తిన జుట్టున్న అమెరికా పిట్ట బొమ్మ. బస్సెక్కి సంపాదకుడి దగ్గరికి వెళ్ళి, తప్పయిందని వచ్చే వారం ఒక్క వాక్యం వేయమని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే “నీలంగా ఉంది కదయ్యా, పిట్ట పిట్టే” అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ క్షమించలేదు. అదే మనిషి అచ్చులో తన ఇంటిపేరు ఒక్క అక్షరం తప్పుపడితే ప్రెస్సంతా ఏకం చేసేవాడు.

నాన్న ఆ పత్రికను ఊరి గ్రంథాలయంలో చూశారు. ఆయన చదివింది నాలుగో తరగతి. కొడుకు పేరు అచ్చులో చూసుకోవాలని కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారట. బొమ్మ చూసి, “ఇది ఏ ఊరి పిట్టరా?” అని పక్కవాళ్ళను అడిగి, పత్రిక మూసి బల్ల మీద పెట్టేశారు. నేను ఇంటికి వెళ్ళినప్పుడు “నువ్వు రాసింది కూడా అలాంటిదేనేమో అనుకున్నాను” అన్నారు. ఆయన ఆ కథ చదవలేదు, చదవకుండానే పోయారు. ఒక్క తప్పు బొమ్మ నా అత్యుత్తమ పాఠకుణ్ణి నాకు కాకుండా చేసింది. నీ కథలో ఆ బొమ్మను ఎవరో వేయలేదు, నువ్వే వేసుకున్నావు. అందుకే ఇంత పొడవుగా రాస్తున్నాను.

ఇప్పుడు అసలు పాలపిట్టను చూడు. తీగ మీద కూర్చున్నప్పుడు దానిలో ఆకట్టుకునేది పెద్దగా ఉండదు. రొమ్ము కాచు కలిపినట్టున్న గోధుమరంగు, గొంతు మీద సన్నని తెల్లచారలు, నెత్తిన మాత్రం కాస్త నీలం. మెడ లోపలికి లాక్కుని, ఏ పనీ లేనట్టు, నేలవైపు చూస్తూ చాలాసేపు అలాగే ఉంటుంది. నువ్వు చూపు తిప్పుకోబోతుండగా కింద మిడత కదులుతుంది. పిట్ట తీగ వదిలి రెక్కలు విప్పుతుంది. అప్పుడు కనిపిస్తుంది నీలం. ఒక పట్టీ నీలిమందంత ముదురు, పక్క పట్టీ మైలుతుత్తమంత వెలుగు, మళ్ళీ ముదురు. మూడు నాలుగు రెక్కవేటుల్లో అంతా అయిపోతుంది. మిడతను నోట కరుచుకుని తీగ మీదికి వచ్చి, దాన్ని టపటపా కొట్టి మింగి, మళ్ళీ ఆ మట్టిరంగు పిట్టగా కూర్చుంటుంది. దసరా నాడు మన పెద్దలు దాని కోసం వెతికింది ఎందుకో ఆ క్షణంలో తెలుస్తుంది. దాచుకున్న రంగు అది. పాడుబడిన తాటిమోడు తొర్రలో గుడ్లు పెట్టే, బొంగురు గొంతుతో కీచుమనే ఈ పిట్ట ఈకలను తరిగి మేతలో కలిపితే ఆవు పాలు చేపుతుందని పూర్వం నమ్మేవారు. పాలపిట్ట అన్న పేరు వెనుక ఆ పశువుల కొట్టం ఉంది. ఆఫ్రికా పిట్ట ఎప్పుడూ ఒళ్ళంతా రంగులతోనే ఉంటుంది. దాన్ని తెచ్చి తీగ మీద పెట్టగానే నీ తాతయ్య వెతుకులాటకు అర్థం పోయింది.

ఒకసారి చూపు అలవాటు పడితే ఈ తప్పు అంతటా కనిపిస్తుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ప్రకటించిన రామచిలుక స్థానంలో దక్షిణ అమెరికా పెద్దచిలుక మకావ్‌ను వేస్తారు. గరుడపక్షి అని అమెరికా గద్దను వేస్తారు. తేనెపిట్ట అని హమ్మింగ్‌బర్డ్‌ను వేస్తారు, అమెరికా ఖండాలు దాటి ఆ జాతే లేదు. మార్చి 20న పిచ్చుకల దినమని అచ్చయ్యే బొమ్మల్లో చెంప మీద నల్లని చుక్క ఉంటే అది మన వసారాల్లో గూడు కట్టిన ఊరపిచ్చుక కాదు, చెట్టుపిచ్చుక. అది మన దగ్గర విశాఖ మన్యపు కొండల్లో మాత్రం ఉంది, కానీ బొమ్మ వేసినవాళ్ళు మన్యం వెళ్ళి చూసి వేయలేదు.

2014లో తెలంగాణ తన రాష్ట్ర పక్షిగా పాలపిట్టను నిలుపుకుంది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక, సర్వసాధారణమనుకునే ఈ పిట్ట కూడా తగ్గిపోతోందని హెచ్చరించింది. చట్టం ఒప్పకపోయినా దసరాకు ముందు వీటిని వలవేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి, దర్శనానికి డబ్బు తీసుకునేవాళ్ళు ఉన్నారు. పదేళ్ళ పిల్ల ఆ పంజరం ముందు నిలబడి, “ఇది పాలపిట్ట కాదు, మా ఫోనులో ఉన్నది వేరే” అనడం నేను చెవులారా విన్నాను. తీగ మీది పిట్ట లేకుండా పోయినా ఆ పిల్లకు తెలియదు. ఆ పిల్ల చదవబోయే కథ నీది కావచ్చు. అందువల్ల ఈ వాక్యాన్ని చిన్న పొరపాటుగా నేను తీసుకోలేను.

ఈమధ్య కథల పోటీలకు వచ్చే రచనలన్నిటిలో ఇదే జబ్బు చూస్తున్నాను. వర్ణన చిక్కగా ఉండాలని ఎవరో నేర్పుతున్నారు. చిక్కదనం కోసం రంగులు అరువు తెస్తున్నారు. రాసే ముందు పొలం గట్టు మీద అరగంట నిలబడమని ఎవరూ చెప్పడం లేదు. నీకు నేను చెప్పేది అదొక్కటే. నువ్వు చూడని పిట్టను రాయకు. చూసింది మట్టిరంగులో ఉంటే మట్టిరంగనే రాయి.

కలం పేరు గురించి, సంపుటి ఎవరు వేస్తారన్న సంగతి గురించి అడిగావు. వాటి గురించి ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు.

కథ ఈ ఉత్తరంతోనే తిప్పి పంపుతున్నాను. ఏడో పేజీలో ఆ వాక్యం చుట్టూ పెన్సిలుతో గీశాను, మిగతా ఏదీ ముట్టుకోలేదు. మీ ఊరి చెరువు వెనుక కోసిన పొలాల మీదుగా కరెంటు తీగలు వెళతాయని నీ కథలోనే ఉంది. ఎండ ముదరకముందే అక్కడికి వెళ్ళు, వీలైతే తాతయ్యను కూడా తీసుకెళ్ళు. పిట్ట ఎగిరేదాకా నిలబడి, ఇంటికి వచ్చి ఆ ఒక్క వాక్యం తిరగరాసి నాకు పంపు.

ఆశీస్సులతో.