హైదరాబాద్ గండిపేట చెరువు ఒడ్డున తడి మట్టి మీద పరుగులు తీసే మెరిసే పురుగు ఏంటి? కుడుతుందా?

కుట్టదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

మీరు రాసిన గుర్తులు చూద్దాం. చిటికెన వేలి గోరంత ఒళ్లు, రాగి రంగులో కాస్త ఆకుపచ్చ మెరుపు, వీపు మీద మీగడ రంగు వంకర గీతలు. దగ్గరికి వెళ్తే ఎగిరి నాలుగు గజాల అవతల వాలి, మళ్లీ మీ వైపే తిరిగి నిలబడటం. ఇవన్నీ టైగర్ బీటిల్ అనే వేటాడే పెంకుపురుగు లక్షణాలే. ఈగ అనుకున్నానన్నారు, మొదటిసారి చూసినవాళ్లు చాలామంది అలాగే అనుకుంటారు. మీ వర్ణనకు బాగా సరిపోయేది కాలొమెరా ఆంగులాటా. మన దేశంలో చాలా చోట్ల ఏటి ఇసుకల్లో, నీటి ఒడ్డుల్లో ఉండే జాతి ఇది. 1798లోనే డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. టైగర్ బీటిల్స్‌ని చాలాకాలం నేల పెంకుపురుగుల కుటుంబంలోనే లెక్కపెట్టేవాళ్లు. 2020లో వచ్చిన జన్యు పరిశోధన తర్వాత వేరే కుటుంబంగా చూస్తున్నారు. రెండూ దగ్గరి చుట్టాలే.

దీనికి కొండి లేదు, విషం లేదు. గుప్పిట్లో పట్టుకుంటే దవడలతో నొక్కుతుంది, చురుక్కుమంటుంది, అంతే. వానాకాలంలో ట్యూబ్‌లైట్ల దగ్గరికి వచ్చే నారింజ, నలుపు చారల సన్నటి పురుగు ఒకటి ఉంటుంది చూడండి, ఒంటి మీద నలిపితే బొబ్బలు లేస్తాయి. అది పెడెరస్. దానికీ తడి నేలే ఇష్టం. జాగ్రత్త పడాల్సింది దాంతోనే.

మేం ఉండేది లంగర్‌హౌస్ దగ్గర. ఆదివారం పొద్దున హిమాయత్‌సాగర్ వైపో గండిపేట వైపో వెళ్లడం ఎప్పటినుంచో అలవాటు. మావాడు కెమెరా పట్టుకుని పిట్టల వెంట పడతాడు. నాకు మెడనొప్పి కాబట్టి నేలచూపులే. అలా పరిచయమైంది ఈ పురుగు.

దీని పరుగు గమనించారా? కాసేపు దూసుకెళ్తుంది, టక్కున ఆగుతుంది, ఒళ్లు కాస్త తిప్పుకుని మళ్లీ దూసుకెళ్తుంది. భయంతో చేసే పని కాదది. ఆ వేగంలో దాని కంటికి బొమ్మ కట్టేంత వెలుతురు అందదు, ముందున్న ఎర కనబడకుండా పోతుంది. అందుకే ఆగి, చూసుకుని, దిశ సరిచేసుకుని మళ్లీ పరుగెడుతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కోల్ గిల్బర్ట్ ఈ విషయం మీద చాలా పనిచేశాడు. పరుగెత్తేటప్పుడు మీసాలు కదపకుండా ముందుకు చాచి ఉంచి, దారిలో అడ్డొచ్చేవాటిని వాటితోనే పసిగడుతుందని 2014లో తేలింది. ఆస్ట్రేలియాలో దీని బంధువు ఒకటి సెకనుకు 2.5 మీటర్లు, అంటే గంటకు 9 కిలోమీటర్లు పరుగెడుతుంది. మన పురుగు అంత కాదుగానీ, చీమలకీ చిన్న ఈగలకీ ఆ మాత్రం చాలు. పట్టిన ఎరను దవడలతో నలిపి, నోట్లోంచి వచ్చే రసాలతో నానబెట్టి ఆ పసరు పీల్చేస్తుంది. మిగిలిన పిప్పి ఉండలా పారేస్తుంది. ఎండ ముదిరితే కాళ్లు నిటారుగా చాచి, పొట్ట నేలకు తగలకుండా పైకెత్తి నిలబడుతుంది.

నన్ను అడిగితే అసలు చూడాల్సింది పెద్ద పురుగు కాదు, దాని లార్వా, అంటే గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు. నీటి అంచు నుంచి కొంచెం పైకి రండి. పైన ఆరి, లోపల చెమ్మ ఉన్న గట్టి ఒండ్రు దగ్గర కూర్చోండి. మీరు నడిచి వస్తుంటే అప్పటిదాకా చదునుగా ఉన్న నేలలో ఒక్కసారిగా చిన్న చిన్న గుండ్రటి చిల్లులు కనిపిస్తాయి. అంచులు నున్నగా ఉంటాయి, చీమల పుట్టకు ఉన్నట్టు చుట్టూ మట్టి కుప్ప ఉండదు. కదలకుండా ఉంటే కాసేపటికి ఒక్కొక్కటే మూసుకుపోతాయి. ఆ మూసేది లార్వా తలే. మట్టి రంగు బల్లపరుపు తల, పైకి తెరిచిపెట్టిన దవడలు, చుక్కల్లా కళ్లు. ఒక చీమ అటుగా వచ్చింది. బొరియ అంచు మీద కాలు పెట్టిందో లేదో, లార్వా నడుము దాకా వెనక్కి విరుచుకుని బయటికొచ్చి దాన్ని పట్టి లోపలికి లాగేసింది. తర్వాత ఆ చిల్లు చాలాసేపు ఖాళీగానే ఉంది. లార్వా వీపు మీద మధ్యలో ఒక మూపురం, దాని మీద కొక్కేలు ఉంటాయి. వాటిని బొరియ గోడకు దిగేసుకుంటుంది కాబట్టి ఎర ఎంత పెనుగులాడినా దాన్ని బయటికి ఈడ్చలేదు. రెండుసార్లు కుబుసం విడిచి, మూడో దశ పూర్తయ్యాక నోరు మూసిన బొరియలోనే ప్యూపా, అంటే పెద్ద పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశ, అవుతుంది.

ఇంత పకడ్బందీగా ఉన్నా శత్రువులు లేకపోలేదు. మెథోకా అనే కందిరీగ జాతిలో ఆడవాటికి రెక్కలుండవు, చూడటానికి చీమలాగే ఉంటాయి. అది నేరుగా బొరియ దగ్గరికి వచ్చి లార్వాను రెచ్చగొట్టి, దవడల మధ్య నుంచి తప్పించుకుని కుట్టి, కదలలేకుండా చేసి, దాని ఒంటి మీదే గుడ్డు పెడుతుంది.

వానలకు చెరువు నిండితే ఈ బొరియలన్నీ ఏమవుతాయని మా ఆవిడ అడిగింది. మంచి ప్రశ్నే. అమెజాన్ వరద మైదానాల్లో ఉండే ఒక జాతి లార్వాలు నీట మునిగిన నేలలో మూడు నెలలకు పైగా బతకగలవని పరిశోధనల్లో తేలింది. ఒడ్డున బతికే జాతులన్నీ ఏదో ఒక పద్ధతిలో ఈ మునకకు అలవాటు పడాల్సిందే. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన జలాశయాలివి, గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఏటా నీళ్లు ఎక్కుతూ దిగుతూ ఉండటం వల్లే ఈ తడి పట్టీ తయారవుతుంది. ఈ జలాశయాల చుట్టూ కట్టడాలను కట్టడి చేసిన 1996 నాటి ప్రభుత్వ ఉత్తర్వు జీవో 111 పురుగుల కోసం తెచ్చింది కాదుగానీ, ఒడ్లు మట్టిగా మిగలడంలో దానికీ వాటా ఉందని నా నమ్మకం. ఊళ్లో చెరువుల చుట్టూ రాళ్లు పేర్చి, వాకింగ్ ట్రాక్ వేసి సుందరీకరణ అంటున్నాం. రాతి గోడలో లార్వా ఎక్కడ తవ్వుకుంటుంది?

ఫోటో కావాలంటే పొద్దున ఎండ ఒంటికి తగిలే వేళకు వెళ్లండి, మీ నీడ దాని మీద పడనివ్వకండి. వెంటపడితే చిక్కదు. మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ నేలకు ఆనించి పట్టుకుంటే అదే తిరిగొస్తుంది. వీపు మీద గీతలు స్పష్టంగా పడేలా పైనుంచి కూడా ఒకటి తీసి ఇక్కడ పెట్టండి, జాతి పోల్చడానికి ముఖ్యంగా చూసేది ఆ గీతలనే.