సర్పంచ్‌గా గెలిచిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ప్రమాణ స్వీకారం చేశావని తెలిసి చాలా సంతోషించాను. ఊళ్లో దుకాణాలు పెరగాలి, పిల్లలు పనికోసం పట్నం పోకూడదు, రోడ్లు బాగుపడాలి, ఇవన్నీ ఈ ఐదేళ్లలోనే జరగాలి అన్నావు. జరుగుతాయి. పంచాయతీ విస్తరణాధికారిగా ఉద్యోగమంతా పల్లెల లెక్కలు చూసినవాణ్ని కనుక ఒక మాట చెబుతాను. కొత్త పనికి కొబ్బరికాయ కొట్టే ముందు, పంచాయతీకి సొంతంగా వచ్చే డబ్బు ఎంతో తెలుసుకో.

పైనుంచి వచ్చే నిధులకు షరతులుంటాయి. 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన దాంట్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నారు. మిగిలినదాన్ని వీధి దీపాల కరెంటు బిల్లు, ట్రాక్టరు డీజిలు తినేస్తాయి. ఊరికి ఏం కావాలో ఊరే నిర్ణయించి ఖర్చు పెట్టగలిగేది సొంత రాబడినే: ఇంటి పన్ను, దుకాణాల లైసెన్సు రుసుము, సంత వేలం.

కార్యదర్శి చేత ఏ ఇంటికి ఎంత పన్నో రాసి ఉండే డిమాండ్ రిజిస్టరు తెప్పించి, దాన్ని పట్టుకుని వీధి వీధీ తిరుగు. పెంకుటిల్లని రాసి ఉన్నచోట రెండంతస్తుల డాబా కనిపిస్తుంది. రోడ్డు పక్కన వెల్డింగ్ షెడ్డు నడుస్తుంటుంది, దానికి లైసెన్సు ఉండదు. వాటి జోలికి వెళితే ఓట్లు పోతాయని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, వినకు. అలాగని నోటీసులతో మొదలుపెట్టకు. మొదటి రసీదు మీ ఇంటిది కావాలి, తరవాత ఉపసర్పంచ్‌ది, ఆపైన వార్డు సభ్యులవి. వసూలైన ప్రతి రూపాయీ దేనికి ఖర్చయిందో పంచాయతీ గోడ మీద రాయించు. వరంగల్ దగ్గరి గంగదేవిపల్లి ఊరికే ఆదర్శ గ్రామం కాలేదు. పనికో కమిటీ వేసుకుని, ఇంటి పన్ను బాకీ లేకుండా కట్టుకున్న ఊరది. ఒకసారి వెళ్లి చూసిరా, వార్డు సభ్యులను కూడా తీసుకెళ్లు.

ఇక వ్యాపారం సంగతి. చాలా పంచాయతీలు షాపింగ్ కాంప్లెక్సు కట్టడంతో మొదలుపెడతాయి. అద్దెకు ఎవరు వస్తారో అడగకుండా కట్టిన గదులకు తాళాలే మిగులుతాయి. నన్నడిగితే మీ వారపు సంతతో మొదలుపెట్టు. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగినవని చెప్పిన 29 అంశాల్లో సంతలు, మార్కెట్లు కూడా ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ల జనం వారానికోసారి తమంతట తామే మీ ఊరికి వస్తున్నారు. వాళ్లు ఇంకో గంట ఆగేలా చేస్తే చాలు, టీ కొట్టు నుంచి ఎరువుల దుకాణం దాకా అందరికీ బేరాలు పెరుగుతాయి. వాన పడితే కూరగాయల గంపల కిందికి నీళ్లు చేరకుండా నేలను మెరక చేయించు. చీకటి పడ్డాక కూడా అమ్ముకునేలా దీపాలు, తాగడానికి నీళ్లు ఏర్పాటు చెయ్యి. అన్నిటికంటే ముందు ఆడవాళ్లకు లోపల గడియ, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి కావాలి. పొద్దుట వచ్చి సాయంత్రం దాకా కూర్చునే ఆ అమ్మల అవస్థ ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదమ్మా. అది తీర్చడానికైనా నువ్వు ఆ కుర్చీలో ఉండాలి.

తైబజారు వేలం, అంటే సంతలో అమ్మేవాళ్ల దగ్గర రుసుము వసూలు చేసుకునే హక్కు వేలం దగ్గర జాగ్రత్తగా ఉండు. పాట ఎంత పెరిగితే పంచాయతీకి అంత లాభమని మురిసిపోతాం. ఎక్కువకు పాడినవాడు ఆ డబ్బంతా గంపల మీదే రాబట్టుకుంటాడు. అమ్మేవాళ్లు పక్క ఊరి సంతకు మళ్లిపోతారు, మరుసటి ఏడాది పాట సగానికి పడిపోతుంది. అందుకే గంపకెంత, బండికెంత, లారీ సరుకుకెంత అన్నది ముందే తీర్మానం చేసి, దాన్ని వేలం షరతుల్లో పెట్టి, సంతలో బోర్డు రాయించు.

దుకాణం పెట్టుకునే మహిళా సంఘం సభ్యురాలికి సంఘం ద్వారా బ్యాంకు అప్పు దొరకవచ్చు, లైసెన్సు కోసం మాత్రం ఆమెను తిప్పించకూడదు. వారంలో ఒక రోజు కార్యదర్శి, నువ్వు ఆఫీసులోనే ఉండి దరఖాస్తులు అక్కడికక్కడే చూడండి.

సీసీ రోడ్డు వేసేటప్పుడు వరుస తప్పనివ్వకు: ముందు తాగునీటి పైపులు, తరవాత మురుగు కాలువ, చివర రోడ్డు. కాలువ నీళ్లు ఎక్కడికి పోయి కలుస్తాయో తేలకుండా కాలువ తవ్వించకు. ఎం.బి.లో, అంటే పనుల కొలతల పుస్తకంలో ఇంజనీరు రాసిన కొలతలను టేపు పట్టించి నువ్వే సరిచూసుకో.

ఇంకో మాట. సర్పంచ్‌వి నువ్వు, మీ ఆయన కాదు. ఆయన మంచివాడే, ఊళ్లో పలుకుబడీ ఉంది. అయినా సమావేశంలో నీ పక్క కుర్చీ ఆయనది కాదు, సంతకం చేయాల్సిన కాగితం ముందు ఆయన చేతికి వెళ్లకూడదు. చెక్కు మీద నీదీ ఉపసర్పంచ్‌దీ సంతకాలుంటాయి, రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే జవాబు చెప్పాల్సింది మీరిద్దరే. ఉపసర్పంచ్ అవతలి వర్గంవాడని విన్నాను. ఖర్చు పెట్టే ముందే అతనికి లెక్క చూపిస్తే చెక్కు ఆగదు.

తెలంగాణ పంచాయతీరాజ్ 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. చాలాచోట్ల రిజిస్టరు ఇంటింటికీ పంపి సంతకాలు పెట్టించుకుంటారు. నువ్వు మాత్రం కూలి పనులు ముగిసే వేళ చూసి, ముందుగా దండోరా వేయించి నిజంగానే జరిపించు. మొదటి సభలో వాగ్దానాలేవీ చేయకు. పోయిన ఏడాది రాబడి, ఖర్చు, కరెంటు బాకీ చదివి వినిపించు. అడిగిన ప్రశ్నలన్నీ రాయించుకో, జవాబు తెలియనివాటికి వచ్చే సభ గడువు పెట్టు.

ఆ లెక్కల కాగితం సిద్ధం చేసేటప్పుడు ఏ పద్దయినా అర్థం కాకపోతే ఫోను చెయ్యి. రిజిస్టర్లు దగ్గర పెట్టుకుని చేస్తే ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య