ముందు అడిగింది ముందే రావాలని లేదు

ప్రశ్న: మా వెబ్ యాప్‌లో ఒక్క పేజీ తెరవడానికి సర్వర్‌ని మూడుసార్లు అడగాలి: యూజర్ వివరాలు, ఆయన ఆర్డర్లు, నోటిఫికేషన్లు. కాల్‌బ్యాక్‌లో (జవాబు వచ్చాక నడిచే ఫంక్షన్‌లో) ఇంకో కాల్‌బ్యాక్ పెట్టుకుంటూ పోతే కోడ్ స్క్రీన్ కుడి అంచు దాకా జరిగిపోయింది. ఎర్రర్ ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు. సెర్చ్ బాక్స్‌లో అయితే ఒక్కోసారి పాత ఫలితాలొచ్చి కూర్చుంటున్నాయి. తేలికైన దారి ఉందా?

జవాబు: మొదటి చిక్కు తేలికే. జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి ప్రామిస్ (తర్వాత రాబోయే జవాబుకి ముందే ఇచ్చే చీటీ లాంటిది) 2015లో, ఆ జవాబు వచ్చేదాకా ఆగి కింది లైనుకి వెళ్లే ఎసింక్-అవెయిట్ 2017లో వచ్చాయి. మూడు పిలుపుల్నీ ఒకదాని కింద ఒకటి మామూలు వాక్యాల్లా రాసి, చుట్టూ ఒకే ట్రై-క్యాచ్ (ట్రైలో ఎర్రర్ వస్తే క్యాచ్‌లో పట్టుకునే ఏర్పాటు) పెట్టండి. కాల్‌బ్యాక్‌ల గూళ్లలో గూళ్లు పోతాయి.

అయితే అవెయిట్ చేతికి అలవాటు పడ్డాక ప్రతి పిలుపు ముందూ దాన్నే పెట్టేస్తాం. నేనూ అదే చేశాను. యూజర్ ఐడీ లేనిదే ఆర్డర్లు రావు, అక్కడ ఆగక తప్పదు. కానీ ఆర్డర్లు వచ్చేదాకా నోటిఫికేషన్లు ఎందుకు ఆగాలి? ఐడీ దొరకగానే ఆ రెండిటినీ, అన్నిటి కోసం ఒకేసారి ఎదురుచూసే ప్రామిస్ డాట్ ఆల్‌కి కలిపి ఇవ్వండి. ఒకటి 400 మిల్లీసెకన్లు, ఇంకోటి 300 పడితే, వరసగా 700 అయ్యేది దాదాపు 400తో సరిపోతుంది. ఒకటి విఫలమైతే మొత్తం విఫలమవుతుంది, అది గుర్తుంచుకోండి. నోటిఫికేషన్లు రాకపోయినా పేజీ నడవాలంటే, దేని ఫలితం దానికి విడిగా చెప్పే ఆల్‌సెటిల్డ్ వాడండి. (జాబితాలో ఒక్కోదాని మీదా ఫంక్షన్ నడిపే ఫర్‌ఈచ్ లోపల అవెయిట్ పెడితే మాత్రం అది ఎవరి కోసమూ ఆగదు. ఫర్-ఆఫ్ లూప్ రాసుకోండి.)

ఇక ఎర్రర్ల సంగతి. ఒకసారి నా స్క్రీన్ మీద ‘సేవ్ అయింది’ అని పడుతోంది, డేటాబేస్‌లో చూస్తే ఏమీ లేదు. రెండు రోజులు డేటాబేస్‌నే అనుమానించాను. తీరా బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే సర్వర్ నుంచి వస్తున్నది 500, అంటే సర్వర్‌లోనే తప్పు! నెట్‌వర్క్ తెగితే ఫెచ్ (బ్రౌజర్ నుంచి సర్వర్‌ని అడిగే ఫంక్షన్) ఎర్రర్ విసురుతుంది గానీ, 404 (అడిగింది దొరకలేదు) వచ్చినా 500 వచ్చినా దాని లెక్కలో జవాబు వచ్చినట్టే. క్యాచ్ దాకా ఏదీ రాదు. రెస్పాన్స్‌లోని ‘ఓకే’ విలువ మనమే చూసి, అది ఫాల్స్ అయితే మనమే ఎర్రర్ విసరాలి. ఈ పరీక్ష, జేసన్ రూపంలో వచ్చిన డేటా విప్పడం, లాగిన్ గుర్తు మోసే టోకెన్ హెడర్, టైమవుట్ అన్నీ ఒక్క ఫంక్షన్‌లో పెట్టండి. మిగతా యాప్‌లో ఎక్కడా ఫెచ్ అన్న మాటే కనబడకూడదు. నా మట్టుకు కోడ్ సగం తేలికైంది ఈ పని వల్లే, అవెయిట్ వల్ల కాదు.

సెర్చ్ బాక్స్ తప్పు వేరే రకం. ‘రా’ అని కొట్టగానే ఒక పిలుపు, ‘రామ’ అనగానే ఇంకోటి వెళ్తాయి. మొదటిదాని జవాబు ఆలస్యమైతే అది రెండోదాని మీద వచ్చి పడుతుంది. అవెయిట్ దీన్ని ఆపలేదు. కీ కొట్టాక ఓ 300 మిల్లీసెకన్లు ఆగి అడిగితే పిలుపులు తగ్గుతాయి, అంతే, ముందెవరు వస్తారన్న జవాబుల పోటీ పోదు. కొత్తది పంపేముందు పాతదాన్ని బ్రౌజర్‌లోనే ఉన్న అబార్ట్‌కంట్రోలర్‌తో రద్దు చేయండి. రద్దయిన పిలుపు కూడా అబార్ట్‌ఎర్రర్ పేరుతో మీ క్యాచ్‌లోకే వస్తుంది. దాన్ని గుర్తుపట్టి ఊరుకోకపోతే, టైప్ చేస్తున్నంతసేపూ యూజర్‌కి ‘ఏదో తప్పు జరిగింది’ అనే ఎర్ర పెట్టె కనిపిస్తూనే ఉంటుంది.