ఒకే బకెట్, ఆరు దుపట్టాలు, ఆరు రంగులు

ప్రశ్న: అక్కా, మేం తిరుపతి బైరాగిపట్టెడలో ఉండే ఆరుగురం. కుట్లు, అల్లికలు, పూసల పని అంటూ నాలుగేళ్ళుగా ప్రతి రెండో శనివారం ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. ఈమధ్య బట్టకు ముడులేసి రంగు అద్దడం మొదలుపెట్టాం. కాటన్‌కు వేసే రియాక్టివ్ రంగు పొడి తెచ్చి, సోడా యాష్ అనే బట్టల సోడా కలిపి, మిద్దె మీద ఒకే బకెట్‌లో ఒకరి తర్వాత ఒకరం దుపట్టాలు ముంచాం. మొదటి ఇద్దరివీ నెమలి కంఠంలా వచ్చాయి. చివరన ముంచినామెది వెలిసిపోయిన నీలం. మధ్యలో ఒకరిదైతే నీళ్ళలో జాడించగానే రంగంతా పోయింది. చివరామెతో ఎవరో ‘నీ బట్టే నాసిరకం’ అన్నారు, ఆమె నొచ్చుకుని పోయిన వారం రాలేదు. ఇప్పుడు కలంకారీలో వాడే సహజ రంగులతో చేద్దామనీ, ముందు పసుపుతో మొదలుపెడదామనీ అనుకుంటున్నాం. మా పొరపాటు ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు ఆ చివరామెకు ఫోన్ చేయండమ్మా. తప్పు ఆమె బట్టది కాదు, బకెట్‌ది. రియాక్టివ్ రంగులో సోడా కలిపిన క్షణం నుంచే అది పని మొదలుపెడుతుంది. బట్ట దొరికితే నూలు పోగుకు అతుక్కుంటుంది, దొరక్కపోతే నీళ్ళతోనే కలిసిపోయి ఇంక దేనికీ పట్టకుండా పోతుంది. చూడ్డానికి బకెట్‌లో నీలం అలాగే ఉంటుంది, కానీ అందులో పట్టే గుణం చచ్చిపోయి ఉంటుంది. మొదటి ఇద్దరూ తాజా రంగులో ముంచారు, ఆపైన ఉన్నదాంట్లో చాలా భాగం వాళ్ళ దుపట్టాలే లాగేసుకున్నాయి. మీరు మాటల్లో పడి ఒక్కొక్కరూ పావుగంట తీసుకుని ఉంటే, ఆరో మనిషి వచ్చేసరికి గంటకు పైనే అయ్యుంటుంది. ఆమెకు మిగిలింది రంగు నీళ్ళే. ఈ మాట ఆమెకు మీరే చెప్పండి, ‘నాసిరకం’ అన్న మనిషి చెబితే ఇంకా మంచిది.

జాడించగానే పోయిందే, ఆ దుపట్టా కథ వేరు. అది పాలియెస్టరో, పాలియెస్టర్ ఎక్కువ కలిసినదో అయ్యుంటుంది. కాటన్ అని చెప్పి అమ్మేవన్నీ కాటన్ కావు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుని జాగ్రత్తగా వెలిగించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. పాలియెస్టరైతే కరిగి, గట్టి నల్ల పూసలా ముడుచుకుంటుంది. కొత్త కాటన్ అయినా సరే, గంజి పోయేదాకా వేడి నీళ్ళలో సోడా, సబ్బు వేసి ఉతకందే రంగులో పెట్టొద్దు. గంజి ఉన్నచోట రంగు లోపలికి దిగదు.

ఈసారి ఇలా చేసి చూడండి. రంగు పొడిని సోడా లేకుండా ఉత్త నీళ్ళలో కలిపి ఆరు మగ్గుల్లో సమానంగా పోయండి. వంద గ్రాముల బట్టకు రెండు నుంచి నాలుగు గ్రాముల పొడి చాలు, తూకం వేయండి, కంటి అంచనా వద్దు. సోడా యాష్ లీటరు నీళ్ళకు 20 గ్రాముల లెక్కన వేరే బకెట్‌లో కలిపి, అందులో బట్టల్ని పావుగంట నానబెట్టి పిండి, ముడులేసి, అప్పుడు రంగు పోసుకోండి. పోశాక ఆరనివ్వకుండా ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పెట్టాలి. మన తిరుపతి ఎండలో ఒక పగలంతా ఉంటే సరిపోతుంది, డిసెంబరులో అయితే రాత్రంతా ఉంచండి. విప్పేటప్పుడు ముందు చన్నీళ్ళలో జాడించండి, సోడా, పట్టని రంగు పోయాక వేడి సబ్బు నీళ్ళు. ముందే వేడి నీళ్ళలో వేస్తే వదిలిన రంగు తెల్లగా మిగిలిన చోటుకు ఎక్కి, మీరు కష్టపడి వేసిన ముడులన్నీ మసకబారతాయి.

ఇంకో మాట, ఇది మీరు ఆరుగురున్నారు కాబట్టి చెబుతున్నా. ఒక్కరే చేస్తుంటే ఒక్కో తేడా తెలుసుకోడానికి నెలలు పడుతుంది. మీరు ఒకే తాను నుంచి ఆరు జానెడు ముక్కలు కోసుకుని, రంగూ తూకమూ ఒకటే ఉంచి, ఒకరు సోడా తగ్గించండి, ఒకరు రెండు గంటలకే ఉతికేయండి, ఒకరు నీడలో పెట్టండి. మిగిలిన ముగ్గురూ ఇంకేదైనా ఒక్కటి మార్చండి, రెండు మార్చారంటే ఏది పనిచేసిందో తెలీదు. ఆ ముక్కల్ని నోటు పుస్తకంలో కుట్టి, పక్కన తూకం, గంటలు రాసుకోండి. వెలిసిన ముక్కని పారేయొద్దు, దాన్ని ముందు కుట్టండి. నా దగ్గరున్న అలాంటి పుస్తకంలో నేను ఎక్కువసార్లు తిరగేసేది పాడైన ముక్కల పేజీలే.

ఇక పసుపు. దాంతో మొదలుపెట్టొద్దమ్మా. నేనూ మొదట పసుపుతోనే ఒక దుపట్టా చేశాను, తడిగా ఉన్నప్పుడు బంగారంలా ఉండింది, సబ్బు తగలగానే ఎర్రబడింది, ఎండలో నాలుగు రోజులు ఆరేసరికి పాలిపోయింది. చాలా బాధేసింది. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. దానికి బదులు దానిమ్మ తొక్క మరిగించండి. అందులో వగరు ఉంది, నూలుకు పట్టేది ఆ వగరే.

శ్రీకాళహస్తి కలంకారీ పనంతా ఈ వగరు మీదే నిలబడింది. 1950ల్లో ఆ విద్య అంతరించే దశలో ఉన్నప్పుడు చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ మళ్ళీ శిక్షణ మొదలైంది, ఇవాళ మీకు నలభై కిలోమీటర్ల లోపే కళ్ళారా చూసే వీలుంది, ఒక రెండో శనివారం అక్కడికే వెళ్ళండి. వాళ్ళు బట్టను కరక్కాయ కషాయంలో, గేదె పాలు కలిపి నానబెడతారు. కరక్కాయ వగరు రంగును పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు కలంతో గీసిన గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. మీరు ముంచే పని చేస్తున్నారు కాబట్టి పాలు అక్కర్లేదు. నాటుమందుల అంగడిలో కరక్కాయలు తెచ్చి, దంచి నానబెట్టి, ఆ నీళ్ళలో బట్ట ముంచి ఆరబెట్టండి. తర్వాత వంద గ్రాముల బట్టకు 15 గ్రాముల పటిక గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి నానబెట్టి, అప్పుడు దానిమ్మ రంగులో పెట్టండి.

నలుపు కూడా ప్రయత్నించండి, నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. తుప్పు పట్టిన మేకులు, బెల్లం, నీళ్ళు ఒక కుండలో వేసి గట్టిగా మూయకుండా పదిహేను, ఇరవై రోజులు పులియనిస్తే కసిం అనే ఇనుప నీళ్ళు తయారవుతాయి. కరక్కాయ బట్ట మీద ఆ నీళ్ళతో గీస్తే కళ్ళముందే నల్లబడుతుంది, ఇనుమూ వగరూ కలిసిన నలుపు అది. ఆ కుండ మూత తీసే రోజు ఆరుగురూ ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: చిత్తూరులో మేం ముగ్గురం. పండగ తర్వాత మిగిలిన బంతిపూల దండలు మరిగించి బట్టకు రంగేస్తే పసుపు రాకుండా పాచి రంగు వచ్చింది. పటిక కూడా వేశాం. పెద్ద ఇనప బాణలిలో, బోరు నీళ్ళతో చేశాం. ఆ బాణలి మళ్ళీ వంటకు వాడొచ్చా?
– చిత్తూరు నుంచి ఒకరు

జవాబు: మీ పాచి రంగుకు ఆ బాణలే కారణం. ఇనుము తగిలితే బంతి పసుపు చచ్చి ఆకుపచ్చగా, మట్టిగా మారుతుంది. స్టీలు గిన్నె వాడండి. బోరు నీళ్ళలో ఇనుము ఉన్నా ఇదే జరుగుతుంది, వాన నీళ్ళు పట్టి ఉంచుకుంటే మేలు, లేదా తాగే ఫిల్టర్ నీళ్ళు. అన్నట్టు ఆ పాచి రంగు పారేసేదేం కాదు, కావాలని తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు, ఒక దుపట్టా అలాగే ఉంచుకోండి.

బాణలి మాత్రం వంటింట్లోకి తీసుకెళ్ళొద్దు. పూలే కదా అనిపిస్తుంది గానీ రేపు అందులోనే మరో రంగు కాస్తారు. గిన్నె, గరిట, జల్లెడ మొత్తం వేరుగా పెట్టేయండి. పొడి రంగులు మొదలుపెడితే డబ్బా మూత తీసేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఫ్యాను ఆపండి, పిల్లల్ని పొడి కలిపాక పిలవండి. సోడా, ఉప్పు కలిసిన రంగు నీళ్ళు మొక్కలకు పోయకండి.