కొత్త కారుకి ఇన్ని చప్పుళ్లా? షోరూంలో ‘నార్మలే’ అంటే వదిలేయాలా?

చిత్తూరు నుంచి మీరు అడిగిన ప్రశ్న చదివాను. కారు కొని రెండు నెలలైంది, 1,800 కి.మీ. తిరిగింది, లీటరుకి 12 కూడా రావట్లేదు, ఊరికే బీప్ బీప్ అంటోంది, వెనక నుంచి టక్ టక్ చప్పుడు, స్టీరింగ్ ఎడమకి లాగుతున్నట్టుంది, షోరూంలో ఏది అడిగినా ‘నార్మలే సార్’ అంటున్నారు, తప్పు కారు కొన్నామేమో అని ఇంట్లో అందరికీ దిగులుగా ఉంది అన్నారు.

మాది తిరుపతి. కిందటేడు శ్రావణంలో మేమూ ఇలాంటి చిన్న ఎస్‌యూవీనే కొన్నాం. పెట్రోలు, క్లచ్ లేకుండా గేర్లు వాటంతటవే మారే ఏఎంటీ గేర్‌బాక్స్. ఇప్పటికి 14,000 కి.మీ. తిరిగింది. వారానికోసారి చిత్తూరు, నెలకోసారి కొండకి, మధ్యమధ్యలో పాకాల దగ్గర మా ఊరికి వెళ్తుంటాం. మొదటి మూడు నెలలు మీరు పడుతున్న టెన్షనే మేమూ పడ్డాం. వాళ్లు నార్మల్ అన్నవాటిలో చాలా వరకు నిజంగా నార్మలే. కానీ అన్నీ కాదు. ఆ తేడా మాకు ఎలా తెలిసిందో చెప్తాను.

ముందు మైలేజ్. కంపెనీ చెప్పే అంకె ల్యాబ్‌లో కారుని రోలర్ల మీద పెట్టి, ఒక పద్ధతి ప్రకారం నడిపి తీసేది. లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్, మే నెల ఎండ, ఫుల్లుగా పెట్టిన ఏసీ, ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను ఆ లెక్కలో ఉండవు. మా కారుకి 20 అన్నారు. ఊళ్లో 12, 13 వస్తుంది. చిత్తూరు రోడ్డు మీద 80 దాటకుండా వెళ్తే 17, 18 వస్తుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలుతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే, అందువల్ల కూడా కొంత తగ్గుతుంది. స్క్రీన్ మీద కనిపించే అంకెని నమ్ముకోకండి. ఒకే బంకులో ట్యాంకు నిండా పోయించి, మీటరు సున్నా చేసుకుని, మళ్లీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి లెక్క కట్టండి. మూడు సార్లు చేస్తే అసలు సంగతి తెలుస్తుంది. మీ 12 అన్నది ఊళ్లో తిరిగినదైతే దిగులు పడాల్సిన పని లేదు. హైవే మీద కూడా 12 అయితే మాత్రం అది ఫిర్యాదే. టైర్లలో గాలి సరిగ్గా ఉందో లేదో చూడండి. కాసేపు నడిపాక దిగి ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండానే. నాలుగింటిలో ఒకటి మాత్రం బాగా సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉండొచ్చు.

బీపుల సంగతి. 2019 జులై నుంచి వచ్చే కార్లన్నిటికీ 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా హెచ్చరిక మోగాలని రూలు. అది సెట్టింగుల్లో తీసేసేది కాదు. ముందు సీటులో బెల్టు పెట్టుకోకపోయినా మోగుతుంది. ఆ సీటులో మనిషి ఉన్నాడా, మూట ఉందా అన్నది దానికి తెలియదు, బరువు తెలుస్తుంది అంతే. కొత్తలో దామలచెరువు నుంచి మామిడికాయల బుట్ట ముందు సీటులో పెట్టుకుని వస్తుంటే తిరుపతి దాకా మోగుతూనే ఉంది. వెనక కూర్చున్న మా అమ్మ ‘ఏందిరా నాయనా ఇది, ఊరికే కూస్తా ఉంది’ అని కంగారు పడింది. ఇప్పుడు సామాను డిక్కీలోనే పెడుతున్నాం. ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఆ మోత ఆపడానికి బెల్టు బదులు గుచ్చే క్లిప్పులు దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాటిని ఆన్‌లైన్ అమ్మకాల నుంచి తీసేయమని ఆదేశించింది కూడా. ఎయిర్‌బ్యాగ్ మనిషిని కాపాడేది బెల్టుతో కలిసే.

పెట్రోలు ఆదా కోసం సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగిపోవడం మీరు రాయలేదు కానీ మీ మోడల్‌లోనూ ఉండే ఉంటుంది. ఇంజన్‌తో పాటు ఏసీ కంప్రెసర్ కూడా ఆగుతుంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతూ వేడి గాలి కొడుతుంది. ఏసీ చెడిపోయిందని మేము షోరూంకి పరుగెత్తాం. స్టీరింగ్ పక్కన దానికో బటన్ ఉంటుంది, నొక్కితే ఆ ట్రిప్పుకి ఇంజన్ అలా ఆగదు. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడల్లా నొక్కాలి. ఎండాకాలంలో అది నొక్కడం మా అబ్బాయి డ్యూటీ.

డ్యాష్‌బోర్డు మీద అద్దంలా మెరిసే నల్ల ప్లాస్టిక్ గురించి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. డెలివరీ రోజునే అలిపిరిలో పూజ చేయించాం. పసుపు, కుంకుమ, గంధం అన్నీ పెట్టాం. సాయంత్రం పొడిగుడ్డతో తుడిస్తే కుంకుమ రేణువులు గీసుకుని సన్నని గీతలు పడిపోయాయి. అవి ఈ రోజుకీ పోలేదు. లేత రంగు సీటు మీద పడ్డ పసుపు మరక కూడా అంతే. ఎవరైనా కొత్త కారు తీసుకుని కాణిపాకమో అలిపిరో వెళ్తుంటే బొట్లు బానెట్ మీద, అద్దం మీద పెట్టించమనండి. లోపల తుడవాల్సి వస్తే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ తడిపి తుడవాలి.

ఇంట్లో పెద్దవాళ్ల ఇబ్బంది షోరూంలో ఎవరికీ కనిపించదు. ఎత్తుగా ఉంటే మా అమ్మకి సుఖమని ఈ బండి తీసుకున్నాం. తీరా చూస్తే మోకాళ్ల నొప్పితో ఆమె కాలు అంత ఎత్తుకి లేవదు. టెస్ట్ డ్రైవ్‌కి నేనూ మా ఆవిడా మాత్రమే వెళ్లాం. అమ్మని కూడా తీసుకెళ్లి ఒకసారి ఎక్కించి దించి ఉండాల్సింది, ఆ బాధ నాకు ఇంకా ఉంది. మా ఊరి వడ్రంగి చేసిచ్చిన చిన్న చెక్క పీట ఇప్పుడు డిక్కీలో ఉంటుంది. బండి ఆగగానే మా పాప దిగి పీట వేస్తుంది, అవ్వ చెయ్యి పట్టుకుంటుంది. కంపెనీ అమ్మే సైడ్ స్టెప్పుల కన్నా మాకు ఇదే బాగుంది.

కొండ సంగతి వేరు. ఎక్కేది 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి పాతది. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని రూలు ఉంది కదా, అయినా మొదటిసారి మేము కిందికి వచ్చేసరికి బ్రేకులు కాలిన వాసన వచ్చింది, పాప రెండుసార్లు వాంతి చేసుకుంది. కారులోనే లోపం ఉందనుకున్నాం. అలిపిరి దగ్గర ఒక ట్యాక్సీ డ్రైవర్ చూసి చెప్పాడు. ‘అన్నా, డీలో దించద్దు. ఎంలో పెట్టి రెండో గేర్లో వదులు, ఇంజనే పట్టుకుంటుంది, బ్రేకు అవసరానికి తొక్కితే చాలు’ అన్నాడు. డీ అంటే గేర్లు కారే మార్చుకునేది, ఎం అంటే మనం మార్చేది. ఏఎంటీని డీలో వదిలేస్తే దిగుడులో పై గేరుకి పోతుంది, మనం బ్రేకు మీదే కాలు పెట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఆ తర్వాత వాసన లేదు, కుదుపులు తగ్గేసరికి పాపకి వాంతులూ తగ్గాయి.

ఇక మీ టక్ టక్. మాకూ వెనక నుంచే వచ్చేది, గతుకుల్లో ఎక్కువగా. షోరూంలో నార్మల్ అన్నారు. ఒక ఆదివారం డిక్కీలో ఉన్నదంతా దించి, కింద బోర్డు ఎత్తి చూస్తే జాకీ దాని గూట్లో వదులుగా ఆడుతోంది. చేత్తో తిప్పి బిగిస్తే చప్పుడు పోయింది. వెనక సీటు ఖాళీగా ఉన్నప్పుడు బెల్టు బకిల్ ప్లాస్టిక్‌కి కొట్టుకునే చప్పుడు కూడా ఇలాగే ఉంటుంది. ఇవి రెండూ చూశాకే సస్పెన్షన్ మీద అనుమానం పెట్టుకోండి.

ఇప్పటిదాకా చెప్పినవి సర్దుకోగలిగినవి. వదలకూడనిది మాకు కార్తీకంలో ఎదురైంది.

మన వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరులోనే కదా. 2021 నవంబరు వరద కళ్లారా చూసినవాళ్లం, కారులో నీళ్లంటేనే మాకు భయం. రెండు రోజులు ముసురు పట్టాక కారు తలుపు తీస్తే తడిగుడ్డ వాసన. షోరూంకి తీసుకెళ్తే వ్యాక్యూమ్ పెట్టి, ఆరబెట్టి, ‘ఏసీ నీళ్లు సార్, నార్మలే’ అని ఇచ్చేశారు. మళ్లీ వాన, మళ్లీ వాసన. మా ఆవిడకి మాత్రం ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. ‘రెండు రోజులుగా బండే తీయలేదు, ఏసీ ఎక్కడ వేశామండీ?’ అంది. రాత్రి నాలుగు సీట్ల కింద, కాళ్లు పెట్టే చోట పాత పేపర్లు మడిచి పరిచింది. పొద్దున చూస్తే మూడు పొడిగా ఉన్నాయి, డ్రైవర్ వెనక వైపుది మాత్రం ముద్దయింది. ఏసీ పైపు మూసుకుపోతే నీళ్లు మామూలుగా ముందు సీటు కాళ్ల దగ్గరికి వస్తాయి. వెనక తలుపు పక్కకి రావు. తర్వాత నేను బయట నుంచి పైపుతో నీళ్లు కొడుతుంటే ఆమె లోపల టార్చి పట్టుకుని కూర్చుంది. తలుపు లోపలి అట్ట కింద మూల నుంచి సన్నగా ధార.

ఈసారి ఫొటోలు తీసుకుని వెళ్లాం, సర్వీసుకి ఇచ్చినప్పుడు ఫిర్యాదులు రాసే కాగితంలో, అంటే జాబ్ కార్డులో, మా మాటల్లోనే రాయించాం. ఆ అట్ట, అంటే తలుపు ప్యాడ్, ఊడదీస్తే తెలిసింది. అద్దం మీద పడే వాన నీళ్లు కొంత తలుపు లోపలికి దిగడం, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోవడం మామూలే. అవి కారు లోపలికి రాకుండా ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. మా దాంట్లో అది కింద మూలన సరిగ్గా అంటుకోలేదు. వారంటీలో షీటు మార్చి, కార్పెట్ ఎత్తి ఆరబెట్టి ఇచ్చారు, ఒక్క రూపాయి పడలేదు. వాళ్ల మాట విని ఊరుకుని ఉంటే కార్పెట్ కింద ఉండే వైర్లు, కనెక్టర్లు నెమ్మదిగా తుప్పు పట్టేవి. రెండేళ్ల తర్వాత ఏదో లైటు వెలిగితే కారణం ఎవరికీ అంతుపట్టేది కాదు.

మీ స్టీరింగ్ ఎడమకి లాగడం ఇలాంటిదే అయి ఉండొచ్చు, అందుకే దాన్ని ఈ వరసలో పెడుతున్నా. వాన నీళ్లు పోవడానికి మన రోడ్లు అంచు వైపు కొంచెం వాలుగా ఉంటాయి, ఎడమ పక్కన వెళ్తుంటే ఏ కారైనా కాస్త అటు జరుగుతుంది. కాబట్టి ముందు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చల్లగా ఉన్నప్పుడు చూసుకుని, చదునైన ఖాళీ చోట, ఎవరూ లేనప్పుడు, తక్కువ స్పీడులో గమనించండి. అక్కడా లాగుతుంటే చక్రాలు తిన్నగా ఉన్నాయా అన్నది, అంటే అలైన్‌మెంట్ చూడాల్సిందే. ఆలస్యం చేస్తే కొత్త టైర్లు ఒక పక్క అరిగిపోతాయి.

షోరూంకి వెళ్లినప్పుడు టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, చప్పుడు వచ్చే రోడ్డు మీదే నడిపి చూపించండి. వాళ్ల ఆవరణలో నున్నటి నేల మీద ఏ చప్పుడూ రాదు. జాబ్ కార్డులో ‘జనరల్ చెకప్’ అని రాస్తే ఒప్పుకోకండి. ‘40 స్పీడులో గతుకుల మీద వెనక కుడి వైపు చప్పుడు’ అని, తేదీ, కిలోమీటర్లతో సహా రాయించి కాపీ తీసుకోండి. లోపం దొరకలేదంటే ఆ మాట కూడా రాసిమ్మనండి. ఒకే ఫిర్యాదు మూడుసార్లు కాగితం మీద ఉంటే వారంటీ అయిపోయే రోజున మీ మాటకి బలం ఉంటుంది. అప్పటికీ పట్టించుకోకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మాకు అంత దూరం పోవాల్సిన అవసరం రాలేదు.

రేపు పొద్దున ముందు డిక్కీ బోర్డు ఎత్తి జాకీ చూడండి. అది బిగుతుగానే ఉండి కూడా చప్పుడు వస్తుంటే ఎంత స్పీడులో, మనుషులు ఎక్కినప్పుడా ఖాళీగా ఉన్నప్పుడా, బ్రేకు వేసినప్పుడా మలుపులోనా అన్నది గమనించి ఇక్కడే రాయండి. నాకు తెలిసినంత వరకు చెప్తాను.