2 కిలోల రోబో ర్యాంప్ ఎక్కాలంటే ఏ గేర్ మోటార్ కొనాలి?

హన్మకొండ నుంచి అడిగిన తమ్ముడి ఇబ్బంది ఇది: రోబో బరువు 2 కిలోలు, చక్రం వ్యాసం 7 సెంటీమీటర్లు, ర్యాంప్ వాలు 20 డిగ్రీలు. నాలుగు పసుపు బీవో మోటార్లు (ప్లాస్టిక్ గేర్ల చవక రకం) పెట్టినా సగంలోనే ఆగిపోతోంది. ఎక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఉన్నవి కొనాలా అంటున్నాడు.

వద్దు తమ్ముడూ. అదే మోటార్‌లో గేర్ రేషియో తగ్గించి ఆర్‌పీఎం పెంచితే టార్క్ (తిప్పే బలం) ఆ మేరకు పడిపోతుంది, బండి ఇంకా కిందే ఆగుతుంది. నువ్వు ముందు చూడాల్సింది టార్క్.

20 డిగ్రీల వాలు మీద 2 కిలోల బండిని కిందికి లాగే బలం 2 × 0.34 (20 డిగ్రీల సైన్ విలువ), అంటే 0.68 కిలోలు. చక్రాల రాపిడి కలిపి 0.8 అనుకో. దాన్ని చక్రం వ్యాసార్ధం 3.5తో గుణిస్తే మొత్తం 2.8 కిలో-సెంటీమీటర్లు. నాలుగు మోటార్లకు పంచితే ఒక్కోదానికి 0.7. బీవో మోటార్ 6 వోల్టుల దగ్గర పూర్తిగా ఆగిపోయే ముందు ఇచ్చేదే ఒక కిలో-సెంటీమీటర్‌కు అటూ ఇటూ. 0.7 ఆ హద్దుకు దగ్గరే, అందుకే నీ బండి మొరాయిస్తోంది. సాఫీ నేల మీద గీత వెంట నడిచే లైన్ ఫాలోవర్ రోబోకు బీవో చక్కగా చాలు, ఈ పనికి కాదు.

రెండు మోటార్లతో చేస్తే ఒక్కోదానికి 1.4 పడుతుంది. మోటార్ తిరగలేక ఆగిపోయేటప్పుడు ఇచ్చే గరిష్ఠ బలమే స్టాల్ టార్క్; అందులో పావు వంతు దగ్గర నడిపితేనే మోటార్ వేడెక్కకుండా బతుకుతుంది. కాబట్టి స్టాల్ టార్క్ 6 కిలో-సెంటీమీటర్లకు తగ్గని, లోహపు గేర్లున్న 12 వోల్టుల మోటార్ తీసుకో. టార్క్ అంకె రేటెడా (నిలకడగా నడిపేందుకు చెప్పింది), స్టాలా అన్నది అమ్మేవాళ్లు చాలాసార్లు రాయరు. రాయకపోతే దాన్ని స్టాల్ అనే లెక్క వేసుకో. చిన్న ఎన్20 రకం మోటార్ ముచ్చటగా ఉంటుంది కానీ, దాని 3 మిల్లీమీటర్ల షాఫ్ట్ మీద 2 కిలోల బండిని నేను పెట్టను.

వేగం సంగతి చిన్నదే. చక్రం ఒక చుట్టుకు 22 సెంటీమీటర్లు పోతుంది. సెకనుకు 30 సెంటీమీటర్లు చాలనుకుంటే 82 ఆర్‌పీఎం కావాలి. బరువు పడితే వేగం తగ్గుతుంది కనుక 100 ఆర్‌పీఎంది కొను.

ఎక్కువ మంది తప్పేది డ్రైవర్ (మోటార్‌కు కరెంటు అందించే బోర్డు), బ్యాటరీ దగ్గర. ఎల్298ఎన్ అనే డ్రైవర్ తనలోనే 2 వోల్టుల దాకా మింగేస్తుంది. 11.1 వోల్టుల బ్యాటరీ పెట్టినా మోటార్‌కు అందేది 9, అంటే 100 ఆర్‌పీఎం కాస్తా 75 అవుతుంది. 9 వోల్టుల డబ్బా బ్యాటరీ అయితే అసలు వద్దు. మోటార్ కదిలే క్షణంలో స్టాల్ కరెంటు అంతా లాగుతుంది, ఆ బ్యాటరీ వోల్టేజీ కూలిపోయి రోబోను నడిపే ఆర్డుయినో బోర్డు రీసెట్ అవుతుంది. మూడు 18650 లిథియం సెల్స్ సిరీస్‌లో పెట్టు, సెల్స్‌ను కాపాడే బీఎంఎస్ బోర్డు మరవకు.

స్టాల్ కరెంటు తెలుసుకోవడానికి మోటార్‌ను బిగించి పట్టుకోనక్కర్లేదు. మల్టీమీటర్‌తో రెండు టెర్మినళ్ల మధ్య ఓమ్స్ కొలువు. మోటార్‌ను క్షణం తిప్పి ఆపుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా తక్కువ వచ్చింది తీసుకో. 6 ఓమ్స్ వస్తే 12 ÷ 6, అంటే 2 ఆంపియర్లు. టీబీ6612 అనే డ్రైవర్ ఒక్కో చానెల్‌కు నిలకడగా 1.2 ఆంపియర్లే మోస్తుంది, కాబట్టి ఆ మోటార్ ర్యాంప్ మీద ఇరుక్కుంటే అది తట్టుకోదు. బీటీఎస్7960 డ్రైవర్ పెట్టుకుంటే నిశ్చింత. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి కొనేటట్టయితే మల్టీమీటర్ జేబులో పెట్టుకుపో.

బిగించేటప్పుడు గేర్‌బాక్స్ ముఖంలోకి పొడుగు స్క్రూ దింపకు, లోపల గేర్లకు తగిలి పట్టేస్తుంది. చక్రం గేర్‌బాక్స్‌కు దగ్గరగా ఉండాలి, దూరమైతే షాఫ్ట్ వంగుతుంది. ప్రోగ్రాంలో ముందుకు నుంచి వెనక్కి ఒక్కసారిగా మార్చకు. మధ్యలో 200 మిల్లీసెకన్లు ఆపు, లేకుంటే గేర్ పళ్లు రాలతాయి. టెర్మినళ్ల మధ్య 104 అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటర్ టంకం వేస్తే మోటార్ వల్ల సెన్సర్లకు వచ్చే గందరగోళం చాలా వరకు పోతుంది.

ఇంకొకటి, ర్యాంప్ ఆరుబయట పెడతారేమో కనుక్కో. రాగి తీగ నిరోధం డిగ్రీకి 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. రామగుండం మే ఎండలో వేడెక్కిన మోటార్‌కు పొద్దున చూపిన బలం ఉండదు. అలాగైతే 6 బదులు 8 కిలో-సెంటీమీటర్లది తీసుకో.